బలం మారేదాకా కదలని పార్టీ

2015 మే 28న దక్షిణాఫ్రికా పోలీసు శాఖ మంత్రి విలేకరుల ముందు కూర్చున్నారు. దేశాధ్యక్షుడు జేకబ్ జుమా సొంతూరు ఎన్‌కాండ్లాలో, ఆయన సొంత ఇంటి ఆవరణలో ప్రజల సొమ్ముతో తవ్వించిన ఈతకొలను గురించి సంజాయిషీ చెప్పడం ఆ రోజు ఆయన మీద పడ్డ పని. అది ఈతకొలను కాదని, ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్లు నిలవ ఉంచే కొలను అని చెప్పారు. అగ్నిమాపక సిబ్బంది అందులోంచి నీళ్లు తోడి గొట్టాలతో చిమ్మడాన్ని వీడియో వేసి మరీ చూపించారు. మెట్లమెట్లుగా కట్టిన బహిరంగ వేదికను మట్టి జారకుండా కట్టిన గోడ అన్నారు. పశువుల కొట్టం, కోళ్ల గూడు కూడా భద్రత కిందికే వస్తాయన్నారు. కాబట్టి అధ్యక్షుడు ఖజానాకు పైసా బాకీ లేడని తేల్చారు. చెబుతున్నంతసేపూ ఆయన నుదుటి మీద చెమట. తుడుచుకుంటూ, మళ్లీ చదువుతూ, మళ్లీ తుడుచుకుంటూ ఆ నివేదిక పూర్తిచేశారు.

ఆ చెమటను దేశమంతా టీవీలో చూసింది. తాను చెబుతున్న మాట ఎవరూ నమ్మరన్న సంగతి చెబుతున్న మనిషికి తెలియకపోదు. అయినా చెప్పాడు. పార్లమెంటులో ఆయన పార్టీ ఆ మాటకు ఆమోదముద్ర వేసింది. డబ్బు ఆరోపణల్లో ఇరుక్కున్న నాయకుడి చుట్టూ ఒక పార్టీ ఎందుకు గోడ కడుతుంది, ఆ గోడ ఎప్పుడు కూలుతుంది అన్నది తెలుసుకోవాలంటే ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, అంటే ఏఎన్‌సీ కథను మించిన ఉదాహరణ దొరకదు. నెల్సన్ మండేలాను దేశానికి ఇచ్చిన పార్టీ అది. పదేళ్ల వ్యవధిలో ఇద్దరు అధ్యక్షులను ఇలాగే వెనకేసుకొచ్చింది.

ఎన్‌కాండ్లా లెక్క ముందు చూడాలి. 2014 మార్చి 19న ప్రజా రక్షకురాలు థులీ మడొన్సెలా విచారణ నివేదిక బయటపెట్టారు. ప్రజా రక్షకుడి పదవి మన లోకాయుక్తను పోలినదే గానీ, దానికి రాజ్యాంగ హోదా ఉంది. అధ్యక్షుడి ఇంటికి భద్రత పేరుతో మంజూరైన పనుల ఖర్చు అప్పటికి దాదాపు 24.6 కోట్ల ర్యాండ్లు. నాటి మారకం ప్రకారం సుమారు 140 కోట్ల రూపాయలు. అందులో భద్రతతో సంబంధం లేని వాటి విలువలో తగిన భాగాన్ని జుమా తిరిగి కట్టాలని ఆమె ఆదేశించారు. ఇల్లంతా కట్టించుకున్నదానికి కట్టమనలేదు. కొలను, వేదిక, కొట్టం, కోళ్ల గూడు, సందర్శకుల గది వరకే అడిగారు. ఆ రోజే కట్టేసి ఉంటే నెల తిరక్కుండా జనం మరిచిపోయేంత చిన్న సంగతి. కట్టలేదు. రెండేళ్లపాటు పార్టీ మొత్తం ఆ కొలను గట్టున కాపలా కాసింది.

2014 ఆగస్టులో అధ్యక్షుడు సభలో ప్రశ్నలకు జవాబిస్తుంటే ఎకనామిక్ ఫ్రీడమ్ ఫైటర్స్ (ఈఎఫ్ఎఫ్) అనే ప్రతిపక్ష పార్టీ సభ్యులు లేచి 'డబ్బు తిరిగి కట్టు' అంటూ నినదించారు. సభ ఆగిపోయింది. ఆ మాట వీధుల్లోకి, పాటల్లోకి, పిల్లల ఆటల్లోకి పాకింది. చివరికి 2016 మార్చి 31న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ప్రజా రక్షకురాలి ఆదేశం పాటించి తీరాల్సిందేననీ, దాన్ని పెడచెవిన పెట్టి అధ్యక్షుడు రాజ్యాంగాన్ని నిలబెట్టడంలో విఫలమయ్యాడనీ ప్రధాన న్యాయమూర్తి మొగోయెంగ్ మొగోయెంగ్ చదివారు. ఆ తీర్పులో అంతకన్నా బరువైన భాగం మరొకటి ఉంది. మంత్రి నివేదికను అడ్డం పెట్టుకుని అధ్యక్షుడికి బాధ్యత లేదని తీర్మానించిన జాతీయ సభ కూడా రాజ్యాంగ ధర్మం తప్పిందని న్యాయస్థానం తేల్చింది. అంటే తప్పు ఒక్కడిది కాకుండా పోయింది. వెనకేసుకొచ్చిన ప్రతి సభ్యుడి మీదా అది పడింది.

అయిదు రోజులకే, ఏప్రిల్ 5న, సభలో అభిశంసన తీర్మానం ఓటింగుకు వచ్చింది. అనుకూలం 143, వ్యతిరేకం 233. దేశపు అత్యున్నత న్యాయస్థానం తీర్పు సిరా ఆరకముందే పడిన ఓట్లవి.

ఖజానా శాఖ తరవాత లెక్కకట్టి 78,14,155 ర్యాండ్లు కట్టమంది. 2016 సెప్టెంబరులో జుమా కట్టారు, వీబీఎస్ అనే చిన్న బ్యాంకు దగ్గర అప్పు తీసుకుని. ఆ బ్యాంకు లింపోపో రాష్ట్రంలో పల్లెటూరి ముసలివాళ్లు, పొదుపు సంఘాల ఆడవాళ్లు డబ్బు దాచుకునే చోటు. రెండేళ్లలో అది కుప్పకూలింది. లోపలివాళ్లు, వాళ్ల ఆప్తులు కలిసి దాదాపు 200 కోట్ల ర్యాండ్లు దోచుకున్నారని రిజర్వు బ్యాంకు వేయించిన విచారణలో తేలింది. ఆ దోపిడీతో జుమా అప్పును ముడిపెట్టనక్కర్లేదు. అయితే ఒక దేశాధ్యక్షుడు తన బాకీ తీర్చడానికి వెళ్లిన గుమ్మం అలాంటిదన్న సంగతి మాత్రం మరిచిపోయేది కాదు.

ఇంతకీ ఆ 233 మంది ఎవరికి భయపడ్డారు?

తెలుగు పాఠకులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. బీఫారం ఇచ్చే చెయ్యి ఎవరిదో వాళ్లమాటే చెల్లుతుందని మన ఊళ్లో వార్డు సభ్యుడికి కూడా తెలుసు. దక్షిణాఫ్రికాలో ఆ చెయ్యి ఇంకా బలమైనది. అక్కడ జాతీయ సభలో 400 స్థానాలు. 2024కు ముందు ఓటరు మనిషికి ఓటు వేసేవాడు కాదు, పార్టీకి వేసేవాడు. పార్టీకి వచ్చిన శాతాన్ని బట్టి, పార్టీ ముందే రాసిచ్చిన జాబితాలోంచి వరసగా సభ్యులయ్యేవారు. నియోజకవర్గం లేదు. 'నన్ను మా ఊరు గెలిపించింది' అని చెప్పుకోవడానికి ఊరూ లేదు. పార్టీ సభ్యత్వం పోతే రాజ్యాంగం 47వ అధికరణం ప్రకారం సభలో సీటూ పోతుంది. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే మన పదో షెడ్యూలు 1985లో వచ్చినప్పుడు విప్ ధిక్కరిస్తే అనర్హత అన్నారు. అయినా ఇక్కడ రాజీనామా చేసి ఉప ఎన్నికలో జనం దగ్గరికి వెళ్లే దారి ఒకటి మిగిలింది. అక్కడ ఆ దారి కూడా లేదు. జాబితాలో కింద ఉన్న మనిషి పైకి జరుగుతాడు, అంతే. జాబితాలు పార్టీ కేంద్ర కార్యాలయం లుథూలీ హౌస్ ఆమోదంతోనే బయటికి వస్తాయి.

సభ్యుడి బతుకు అక్కడితో ఆగదు. అప్పు చేసి కట్టుకున్న ఇల్లు, పిల్లల బడి ఫీజులు, పార్టీ మాట మీద ఉద్యోగం దొరికిన బావమరిది, మున్సిపాలిటీలో కాంట్రాక్టు చేసే మిత్రుడు, అందరూ ఆ ఒక్క సీటుకు వేలాడుతుంటారు. విద్యుత్తు సంస్థ నుంచి ఊరి మున్సిపాలిటీ దాకా కీలక పదవుల్లో తమ మనుషులను కూర్చోబెట్టడం ఏఎన్‌సీకి దాపరికం లేని విధానం. కాబట్టి నాయకుడిని కాదనడమంటే ఒక మనిషిని కాదనడం కాదు, కంచంలో అన్నాన్ని కాదనడం. దీన్ని పిరికితనం అని కొట్టిపారేయడం తేలిక. ఆ పిరికితనాన్ని తయారుచేసే యంత్రాన్ని చూడకపోవడమే పెద్ద పొరపాటు.

ఆ యంత్రం ఎంత బలమైనదో 2017 ఆగస్టు 8న తేటతెల్లమైంది. ఆ రోజు అవిశ్వాస తీర్మానం. ప్రతిపక్షాలు న్యాయస్థానం దాకా వెళ్లి పోరాడితే, రహస్య ఓటింగు జరపాలా వద్దా అన్నది సభాపతి విచక్షణ అని తీర్పు వచ్చింది. సభాపతి బలేకా ఎంబేటె రహస్య ఓటింగుకే మొగ్గారు. ఫలితం: తీర్మానానికి అనుకూలం 177, వ్యతిరేకం 198, తటస్థులు 9. జుమా గట్టెక్కారు. కానీ అంకెలను ఇంకోసారి చూడాలి. ప్రతిపక్షమంతా కట్టగట్టుకుని వచ్చి వేసినా 151 ఓట్లకు మించవు. మిగిలిన 26 ఓట్లు, కనీసం, ఏఎన్‌సీ బల్లల మీంచే పడ్డాయి. చేతులెత్తమంటే కనిపించని ఓట్లు చీటీ మడతలో కనిపించాయి. విధేయత అని బయట కనిపించేదానిలో ఎంత భాగం నిజమైన నమ్మకమో, ఎంత భాగం కళ్లు తన మీద ఉన్నాయన్న భయమో ఇంత కచ్చితంగా కొలిచిన సందర్భాలు ప్రపంచ రాజకీయాల్లో అరుదు.

చీటీ మడత చాటున దాక్కోని వాళ్లూ ఉన్నారు. జుమా దిగిపోవాలని పార్టీలో ఉండే బహిరంగంగా చెప్పిన మఖోసి ఖోజా, ఓటింగు జరిగిన రెండు రోజులకే సభా సంఘం అధ్యక్ష పదవి పోగొట్టుకున్నారు. సెప్టెంబరులో పార్టీ వదిలారు. 

అయినా భయమూ లాభమూ అని రెండు మాటల్లో తేల్చేస్తే ఏఎన్‌సీకి అన్యాయం చేసినట్టే. అది 1912లో పుట్టిన పార్టీ. ముప్పై ఏళ్లు నిషేధంలో బతికింది. పోలీసు చిత్రహింసల గదుల్లో సహచరుడి పేరు చెప్పకపోవడమే ఆ పార్టీలో మనిషితనానికి కొలత. జుమా స్వయంగా రోబెన్ దీవి జైల్లో పదేళ్లు గడిపారు. అజ్ఞాతంలో నేర్చుకున్న పాఠం ఒకటే: ఇంటి గుట్టు బయటపెట్టినవాడు శత్రువు. వర్ణవివక్ష పోలీసుల ముందు ఆ నీతి ప్రాణాలు కాపాడింది. స్వతంత్ర దేశపు ఆడిటర్ ముందు అదే నీతి దొంగలెక్కను కాపాడింది. నీతి మారలేదు, ఎదురుగా నిలబడ్డవాడు మారాడు. విమర్శించిన పత్రికలో, న్యాయమూర్తిలో, సొంత పార్టీ పెద్దలో కూడా పాత శత్రువు నీడే కనబడింది.

ఆ పాత తరమే అందుకు ఎదురు తిరగడం ఈ కథలో మనసును కదిలించే ఘట్టం. రివోనియా కేసులో మండేలాతో పాటు యావజ్జీవం పడిన అహ్మద్ కత్రాడా, రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు వెలువడగానే జుమాకు బహిరంగ లేఖ రాశారు. జీవితంలో ఎన్నడూ పార్టీ నాయకుడిని బయట విమర్శించని మనిషి, దిగిపొమ్మని అడిగారు. జవాబు రాలేదు. మరుసటేడు మార్చి 28న ఆయన కన్నుమూశారు. అంత్యక్రియలకు జుమా రాలేదు. రావద్దన్నది కుటుంబం కోరిక. మాజీ అధ్యక్షుడు క్గాలెమా మొట్లాంథే ఆ లేఖలోని మాటలను అక్కడ చదివారు. సమాధుల మధ్య చప్పట్లు మోగాయి. ఆర్థిక మంత్రి ప్రవీణ్ గోర్ధన్‌ను లేచి నిలబడమంటే, జనం కూడా లేచి నిలబడ్డారు. ఆ మరుసటి రాత్రే గోర్ధన్ పదవి పోయింది. వారం గడవకముందే ఒక అంతర్జాతీయ రేటింగు సంస్థ దేశపు పరపతిని చెత్త స్థాయికి దించింది.

ఈ కాలమంతా జుమా పక్కన ఉపాధ్యక్షుడిగా ఉన్నది సిరిల్ రామఫోసా. తరవాత, జుమా కాలపు అవినీతిపై ఏర్పాటైన జోండో విచారణ సంఘం ముందు సాక్ష్యం చెబుతూ, అప్పుడు తన ముందు అయిదు దారులున్నాయని వివరించారు: రాజీనామా చేయడం, బయట మాట్లాడి తొలగింపునకు సిద్ధపడటం, లొంగిపోవడం, నోరుమూసుకుని ఉండటం, లోపలే ఉండి వీలైనంత అడ్డుకోవడం. చివరిది ఎంచుకున్నానన్నారు. ఇందులో నిజం ఉంది. బయటికి వెళ్లిన ఖోజా ఏమీ మార్చలేకపోయారు, లోపల ఉన్న రామఫోసా అధ్యక్షుడై మార్చారు. కానీ ఈ వాదానికి ఒక చిక్కు ఉంది. లోపలే ఉండి పోరాడుతున్నవాడూ, లోపలే ఉండి వాటా పంచుకుంటున్నవాడూ ఓటింగు రోజున చెయ్యి ఒకేవైపు ఎత్తుతారు. బయటి మనిషికి తేడా తెలిసే వీలే లేదు.

జుమా చివరికి ఎలా దిగిపోయారు? 2017 డిసెంబరులో జొహన్నెస్‌బర్గ్ శివారు నాస్రెక్‌లో పార్టీ మహాసభ జరిగింది. అధ్యక్ష స్థానానికి రామఫోసాకు 2,440 ఓట్లు, జుమా మాజీ భార్య ఎన్కోసజానా దలామినీ జుమాకు 2,261. తేడా 179. అంతే, పార్టీ పగ్గం చేతులు మారింది. రెండు నెలలు నిండకుండానే, 2018 ఫిబ్రవరి 14 రాత్రి, జుమా రాజీనామా చేశారు. ఎన్‌కాండ్లా నివేదిక వచ్చి నాలుగేళ్లు, తీర్పు వచ్చి రెండేళ్లు. సహారన్‌పూర్ నుంచి వెళ్లి జుమాకు దగ్గరైన వ్యాపారులు గుప్తా సోదరులు మంత్రి పదవులను శాసిస్తున్నారని ఆధారాలు ఈమెయిళ్ల రూపంలో 2017 నడిమికే గుట్టలుగా బయటపడ్డాయి. వాటి తరవాత కూడా ఆగస్టులో జుమా నెగ్గారు. డిసెంబరుకూ ఫిబ్రవరికీ మధ్య కొత్తగా తెలిసిన నిజం ఏదీ లేదు. కొత్తగా వచ్చింది 179 ఓట్లు. రేపటి జాబితా రాసే చెయ్యి మారిందని తెలిసిన మరుక్షణం, 233 మందికి రాజ్యాంగం గుర్తొచ్చింది.

రామఫోసా వంతు 2022లో వచ్చింది. లింపోపోలో బేలా బేలా దగ్గర ఆయనకు ఫలా ఫలా అనే వన్యమృగాల ఫారం ఉంది. 2020 ఫిబ్రవరిలో అక్కడ దొంగతనం జరిగింది. సోఫాలో దాచిన డాలర్ల కట్టలు పోయాయి. ఆ సంగతి రెండేళ్లకు పైగా జనానికి తెలియలేదు. మాజీ నిఘా విభాగాధిపతి ఆర్థర్ ఫ్రేజర్ పోలీసులకు ఫిర్యాదు చేస్తే బయటపడింది. ఆయన 40 లక్షల డాలర్లకు పైమాటే అన్నారు. సూడాన్ వ్యాపారి ఒకాయన ఇరవై గేదెలు కొనడానికి ఇచ్చిన 5 లక్షల 80 వేల డాలర్లు మాత్రమేనని రామఫోసా చెప్పారు. డబ్బు ఇచ్చి ఏళ్లు గడిచినా గేదెలు ఫారంలోనే ఉన్నాయి. మాజీ ప్రధాన న్యాయమూర్తి శాండిలె ఎన్‌కోబో నాయకత్వంలోని సంఘం, అధ్యక్షుడు తీవ్రమైన ఉల్లంఘనకు పాల్పడి ఉండొచ్చన్నదానికి ప్రాథమిక ఆధారాలున్నాయని నవంబరు 30న నివేదించింది. రామఫోసా రాజీనామాకు సిద్ధపడ్డారు. పార్టీవాళ్లే ఆపారు.

డిసెంబరు 13న ఓటింగు. ఆ ఏడాది జనవరిలో పార్లమెంటు భవనం తగలబడటంతో సభ కేప్‌టౌన్ సిటీ హాలులో జరిగింది. ఈసారి రహస్య ఓటింగు కాదు. ఒక్కొక్కరి పేరు పిలుస్తుంటే లేచి జవాబు చెప్పాలి. నివేదికను ఆమోదించాలన్నవి 148, వద్దన్నవి 214. ఏఎన్‌సీలో ఎదురు ఓటేసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో దలామినీ జుమా ఒకరు. ఏఎన్‌సీ క్రమశిక్షణ గల సభ్యురాలిగా అవునని ఓటేస్తున్నానని ఆమె లేచి చెప్పారు.  నాస్రెక్‌లో రామఫోసా చేతిలో ఓడింది ఆమె. కాబట్టి ఆ రోజు పార్టీ గీత దాటినవాళ్లనందరినీ ధర్మపక్షం అనుకోవడానికి వీల్లేదు. నాయకుడి మీద ఆరోపణ వచ్చినప్పుడు అది ఎదుటి వర్గానికి ఆయుధం. ఆ భయమే మిగతావాళ్లను గట్టిగా దగ్గరికి చేరుస్తుంది. ఈయన పోతే వచ్చేది ఎవరు? ఫలా ఫలాలో రామఫోసాను కాపాడిన ప్రశ్న ఇదే. ఓటింగు జరిగిన మూడు రోజులకే పార్టీ మహాసభ మొదలుకావలసి ఉంది. అందులో ఆయన 2,476 ఓట్లతో మళ్లీ నెగ్గారు.

న్యాయంగా చెప్పాలంటే రెండు వ్యవహారాలూ ఒకటి కావు. ఎన్‌కాండ్లాలో పోయింది ప్రజల డబ్బు, సోఫాలో ఉన్నది అలా అని ఎవరూ అనలేదు. తరవాత కొత్త ప్రజా రక్షకురాలు, రిజర్వు బ్యాంకు రామఫోసా తప్పు కనబడలేదన్నారు. 2024లో ప్రాసిక్యూటర్లు కేసు పెట్టబోమన్నారు. కానీ ఆ 214 మందిలో ఎవరికీ ఈ ముగింపులు ముందే తెలియవు. విచారణ జరగనిద్దామా అన్నదే వాళ్ల ముందున్న ప్రశ్న. వద్దన్నారు. విచారణే వద్దనడానికీ, విచారణలో నిర్దోషి అని తేలడానికీ ఉన్న దూరమే ప్రజాస్వామ్యానికి ప్రాణం.

నాయకుడిని పార్టీ తనంతట తాను వదిలిన సందర్భాలు లేకపోలేదు. జర్మనీలో పదహారేళ్లు ఏలిన హెల్ముట్ కోల్ రహస్య విరాళాలు తీసుకున్నానని 1999లో ఒప్పుకున్నారు. ఇచ్చినవాళ్ల పేర్లు చెప్పనని మొండికేశారు. ఆయనే పైకి తెచ్చిన ఏంజెలా మెర్కెల్, అప్పటి పార్టీ ప్రధాన కార్యదర్శి, పార్టీ ఇక కోల్ లేకుండా నడవడం నేర్చుకోవాలని డిసెంబరు 22న పత్రికలో వ్యాసం రాశారు. ధైర్యమే. అయితే కోల్ అప్పటికే 1998 ఎన్నికల్లో ఓడి ఏడాది దాటింది, పంచడానికి ఆయన చేతిలో పదవుల్లేవు. నాలుగు నెలల్లో మెర్కెల్ పార్టీ అధ్యక్షురాలయ్యారు.

జోండో సంఘం తన చివరి నివేదికలో, పర్యవేక్షణ విధి నిర్వర్తించినందుకు సభ్యుడి సీటు పోకుండా చట్టపరమైన రక్షణ కల్పించే సంగతి పార్లమెంటు ఆలోచించాలని సూచించింది. జబ్బు ఎక్కడుందో అక్కడే వేసిన మందు అది. పార్టీలు దాన్ని మింగడానికి తొందరపడలేదు. మన దగ్గరా విప్‌ను విశ్వాస పరీక్షలకే పరిమితం చేయాలన్న మాట ఏళ్లుగా కాగితాల మీదే ఉంది.

కాపలా కాసినందుకు పార్టీ కట్టిన మూల్యం ఓట్లలో కనబడుతుంది. 2016లో జొహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా పాలన చేజారింది. 2021 జులైలో కోర్టు ధిక్కారానికి జుమా జైలుకెళ్తే క్వాజులూ నటాల్, గౌటెంగ్ రాష్ట్రాల్లో అల్లర్లు చెలరేగి 350 మందికి పైగా చనిపోయారు. డర్బన్ చుట్టుపక్కల భారతీయుల కాలనీల్లో మగవాళ్లు రాత్రిళ్లు వీధి మొగదల కాపలా కాశారు. నల్లజాతి పొరుగువాళ్లకూ వాళ్లకూ మధ్య రక్తం చిందింది. 1860 నుంచి మద్రాసు ఓడలెక్కి చెరకు తోటలకు వెళ్లిన మన విశాఖ, గంజాం కూలీల మునిమనుమలు ఉండే నేల అది. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు నిలుపుకున్నది అక్కడే.

అదే రాష్ట్రంలో 2014లో ఏఎన్‌సీకి 64 శాతం పైగా ఓట్లు వచ్చాయి. 2024లో 17 శాతం. దేశం మొత్తం మీద 40 శాతానికి పడిపోయి, ముప్పై ఏళ్లలో తొలిసారి మెజారిటీ పోగొట్టుకుని సంకీర్ణం కట్టింది. క్వాజులూ నటాల్‌లో ఆ ఓట్లను 45 శాతంతో ఎగరేసుకుపోయింది జుమా కొత్తగా నిలబెట్టిన పార్టీ. దాని పేరు ఉంకొంటో వె సిజ్వె, ఏఎన్‌సీ 1961లో స్థాపించిన సాయుధ విభాగం పేరే. పేరు తమదని ఏఎన్‌సీ కోర్టుకెక్కి ఓడిపోయింది. మనిషికి కట్టుబడి ఉండమని పదేళ్లు జనానికి నేర్పిన పార్టీ అది. జనం నేర్చుకున్నారు, ఆ మనిషి వెంటే వెళ్లారు.

2024 జనవరిలో ఏఎన్‌సీ జుమాను సస్పెండ్ చేసి, అదే ఏడాది బహిష్కరించింది. అభియోగ పత్రంలో కొలను లేదు, పశువుల కొట్టం లేదు, గుప్తాలు లేరు. వేరే పార్టీకి ప్రచారం చేశాడన్నదే ఆయన మీద మోపిన నేరం.